ప్రజాపక్షం వీడని ప్రతినిధి – కాళోజీ నారాయణరావు

కాకతీయుల రాజధానిగా వాసికెక్కిన ఓరుగల్లుకు ఆధునిక కాలంలో వన్నె తెచ్చిన వారిలో కాళోజీ నారాయణరావుగారు అగ్రగణ్యులు. లోకం ఆయనను కవిగానే ఎక్కువగా ఎరుగును. కాని ఆయన న్యాయశాస్త్రం చదివినవారు, గ్రంథాలయోద్యమ కార్యకర్త, నిజాము ప్రభుత్వాన్ని ధిక్కరించి శిక్షలు అనుభవించిన దేశభక్తులు, ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యులు. మండలిలో ఆయన కూర్చున్నది రెండేండ్లు మాత్రమే. ప్రజల పక్షాన నిలిచి మాట్లాడినది జీవితమంతా. ప్రజాప్రతినిధి యనిపించుకొనుటకు పదవి ఎంతవరకు అవసరమన్న ప్రశ్నకు ఆయన చరిత్ర ఒక సమాధానం.

కాళోజీ 1914వ సంవత్సరం సెప్టెంబరు 9వ తేదీన కన్నడ దేశమందలి రట్టిహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి రంగారావుగారు మరాఠీవారు. తల్లి రమాబాయిగారు కన్నడ ఆడపడుచు. కుటుంబం వరంగల్లు సమీపాన గల మడికొండలో స్థిరపడినందున బాలునికి ఊరి భాష తెలుగయినది. బడిభాష ఉర్దూ. ఇంటి భాష వేరు, వీధి భాష వేరు, బడి భాష వేరు అయిన ఈ పరిస్థితి మరొకరికి చదువుపై విముఖత కలిగించెడిదేమో! కాళోజీకి మాత్రం పలు భాషల సంపద సమకూరినది. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలు ఆయనకు స్వాధీనమయినవి. అన్నగారయిన రామేశ్వరరావుగారు న్యాయవాది, ఉర్దూ కవి. తమ్ముడు ప్రజాజీవితంలో తిరుగుతూ ఉంటే సంసార భారాన్ని తాము వహించి, ఆయనను నిశ్చింతగా తిరుగనిచ్చిన త్యాగమూర్తి ఆ అన్నగారు.

ఆనాటి హైదరాబాదు సంస్థానంలో తెలుగువారి సంఖ్య అధికమయినా తెలుగుకు ఆదరణ స్వల్పం. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. సభ జరుపుకొనవలెనన్నా ప్రభుత్వ అనుమతి కావలసి ఉండేది. ఈ చీకటిలో దీపాలై నిలిచినవి గ్రంథాలయాలు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపితమయినవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమయినది. కాళోజీ యౌవనం ఈ ఉద్యమాల మధ్య గడిచినది. ఆర్యసమాజం, గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ, స్టేట్ కాంగ్రెసు – వీటన్నిటిలో ఆయన పాల్గొన్నారు. 1939లో హైదరాబాదులో న్యాయవాద విద్య ముగించినా, న్యాయస్థానం కంటె ప్రజారంగమే ఆయనను ఎక్కువగా ఆకర్షించినది. 1940లో రుక్మిణీబాయిగారితో వివాహం జరిగినది.

1940ల నడుమ ఆంధ్ర సారస్వత పరిషత్తు ద్వితీయ వార్షికోత్సవం వరంగల్లు కోటలో జరుగవలసి వచ్చినప్పుడు దౌర్జన్యపరులు పందిరికి నిప్పుపెట్టారు. పందిరి కాలినంత మాత్రాన సాహిత్య సభ ఆగరాదని పట్టుబట్టి, కవి సమ్మేళనం జరిపించుటకు పూనుకొన్న వారిలో కాళోజీ ముఖ్యులు. 1946 ఆగస్టు 11న అదే కోటలో జాతీయ పతాకం ఎగురవేసిన సందర్భంలో రజాకార్లు దాడి జరిపి బత్తిని మొగిలయ్యను హత్య చేశారు. ఈ ఘోరాన్ని గూర్చి సంస్థాన ప్రధాని సర్ మీర్జా ఇస్మాయిల్‌నే నిలదీస్తూ కాళోజీ పద్యం వ్రాశారు. ప్రభుత్వం ఆయనకు నగర బహిష్కార శిక్ష విధించినది. పిమ్మట కారాగారవాసం కూడా తప్పలేదు. ఏలినవారిని ప్రశ్నించుట పౌరుని ధర్మమన్న నమ్మకం ఆయనలో నాడే గట్టిపడినది.

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. 1952లో దేశమంతటా తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. వరంగల్లు లోకసభ స్థానానికి పోటీచేసిన కాళోజీ, ప్రజాతంత్ర కూటమి అభ్యర్థి అయిన పెండ్యాల రాఘవరావుగారి చేతిలో ఓడిపోయారు. ఓటమి ఆయన కలానికి అడ్డు రాలేదు. మరుసటి సంవత్సరం, 1953లో, అలంపురంలో జరిగిన తెలంగాణ రచయితల సభలలో ఆయన కవితా సంపుటి 'నా గొడవ' వెలువడినది. దానిని ఆవిష్కరించిన శ్రీశ్రీ, కాళోజీని ఫ్రెంచి కవి లూయీ ఆరగాన్‌తో పోల్చారు. పుస్తకం పేరులో 'నా' ఉన్నది గాని, అందులోని బాధ తిండి లేనివారిది, అన్యాయానికి గురియైనవారిది. ఓటు విలువను గూర్చి, ఓటరు బాధ్యతను గూర్చి కూడా ఆయన పలుమార్లు వ్రాశారు. నాయకుని తప్పులో అతనిని ఎన్నుకొన్న వారికి సైతం పాలుండునని ఆయన హెచ్చరిక.

1958లో ఆంధ్రప్రదేశ్‌లో శాసన మండలి ఏర్పడినది. మన రాజ్యాంగం ప్రకారం మండలి సభ్యులలో మూడవ వంతు స్థానిక సంస్థల నుండి, మూడవ వంతు శాసనసభ్యుల ఓట్లతో ఎన్నికవుతారు. పండ్రెండవ వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకొంటారు. మిగిలినవారిని గవర్నరు నియమిస్తారు. సాహిత్యం, విద్య, సంఘసేవ వంటి రంగాలలో అనుభవమున్నవారి మాట శాసన నిర్మాణంలో వినబడవలెనని ఈ ఏర్పాటు ఉద్దేశం. కాళోజీ వంటివారికి తగిన వేదిక ఇదే. 1958 నుండి 1960 వరకు ఆయన సభ్యులుగా ఉన్నారు. ఆ కాలంలోనే రాష్ట్ర పరిభాషా సంఘంలోను పనిచేశారు. ప్రభుత్వం ప్రజలతో వారి భాషలోనే మాట్లాడవలెనన్నచో ముందు మాటలు సిద్ధం కావలెను గదా! గ్రంథాలలోని భాష కంటె జనుల నోట మెదలే భాషకు గౌరవం దక్కవలెనని, తెలంగాణ యాసను చిన్నచూపు చూచుట తగదని ఆయన జీవితాంతం వాదించారు. బిడ్డ ఇంటినుండి తెచ్చుకొన్న మాటను బడి పరిహసించరాదన్నదే ఈ వాదంలోని సారం.

కాళోజీ రాజకీయాభిప్రాయాలలో ఒక మార్పును ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1956లో విశాలాంధ్ర ఏర్పాటును ఆయన మనసారా సమర్థించారు. తెలంగాణకు ఇచ్చిన రక్షణలు అమలు కాలేదన్న ఆవేదనతో 1969లో ఉద్యమం చెలరేగినప్పుడు, ప్రత్యేక రాష్ట్ర వాదాన్ని అంతే స్పష్టంగా బలపరచారు. మాట మార్చినారని విమర్శించుటకు ఇందులో అవకాశమున్నది. అయితే మారిన అభిప్రాయాన్ని ఆయన దాచుకొనలేదు. దానివలన పదవిని ఆశించలేదు. ఐక్యతను కోరినప్పుడు గాని, వేర్పాటును కోరినప్పుడు గాని ఆయన గీటురాయి ఒక్కటే – ప్రజలకు న్యాయం జరిగినదా, లేదా?

1975లో విధించిన అత్యవసర పరిస్థితిని ఆయన ఎదిరించారు. ఆ కాలంలో రాష్ట్రంలో జరిగిన ఎదురుకాల్పుల మరణాలపై విచారణకు 1977లో జయప్రకాశ్ నారాయణ్ పూనికతో వి.ఎం. తార్కుండే అధ్యక్షులుగా ఏర్పడిన సంఘంలో కాళోజీ ఒక సభ్యులు. 1978 శాసనసభ ఎన్నికలలో, ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో, అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారిపైననే పోటీకి దిగారు. గెలుపు దుర్లభమని తెలియని అమాయకులు కారు వారు. పాలకుని ఆయన నియోజకవర్గంలోనే ప్రశ్నించే హక్కు పౌరునికున్నదని చాటుటకు ఆ పోటీ సాధనమయినది. ఊహించినట్లే ఓడిపోయారు.

1968లో వెలువడిన 'జీవన గీత' ఖలీల్ జిబ్రాన్ రచనకు ఆయన చేసిన అనువాదం. 1992లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ బిరుదంతో సత్కరించినది. బిరుదు వచ్చిన పిదప కూడా ఆయన గొంతులోని కరుకుదనం తగ్గలేదు. 2002 నవంబరు 13న వరంగల్లులో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. విద్యార్థులకు ఆయన ఇచ్చిన చివరి పాఠమది.

తెలంగాణ రాష్ట్రం 2014లో అవతరించిన తరువాత, ఆయన జన్మదినం తెలంగాణ భాషాదినంగా ప్రకటితమయినది. వరంగల్లులోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆయన పేర నడుస్తున్నది. హనుమకొండలో నిర్మించిన కాళోజీ కళాక్షేత్రం 2024లో ప్రారంభమయినది. లోకసభకు, శాసనసభకు ప్రజలు ఆయనను పంపలేదు. అయినా ఆయన ప్రజలను వీడలేదు. ఓడించిన వారిపై అలుగక, ఏలిన వారికి జంకక, చివరిదాకా వారి పక్షాన ప్రశ్నిస్తూనే ఉన్నారు. సెప్టెంబరు 9న పాఠశాలలలో ఆయన పటానికి పూలదండ వేసే ఉపాధ్యాయులు, ఆనాడు ఒక్క గంటసేపయినా పిల్లలను తమ ఊరిమాటలో నిర్భయంగా ప్రశ్నలడుగనిచ్చినచో, ఆయనకు అంతకుమించిన నివాళి ఉండబోదు.