మూకీ తెర నుంచి మరాఠీ రంగస్థలం దాకా – దుర్గా ఖోటే

మొగల్-ఎ-ఆజం చూడని ఫౌజీ అరుదు. కత్తులు దూసిన భర్త అక్బరు ఒక పక్క, కొడుకు సలీం ఇంకో పక్క నిలబడితే మధ్యలో నలిగిపోయే జోధాబాయి మనకు గుర్తే. ఆ పాత్ర వేసినావిడ దుర్గా ఖోటే గారు. బాబీ సినిమాలో మిసెస్ బ్రగాంజా కూడా ఆవిడే. యూనిట్లలో ఆరుబయట తెర కట్టి హిందీ సినిమాలు వేసిన రోజుల్లో మనవాళ్ళలో చాలామందికి ఆవిడ ఒక అమ్మగా, నాయనమ్మగా మాత్రమే పరిచయం. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు ఆవిడ నెగ్గుకొచ్చిన దారి తెలిసినవారు తక్కువ.

దుర్గ గారు 1905 జనవరి 14న లాడ్ కుటుంబంలో పుట్టారు. గోవా మూలాలున్న, ఇంట్లో కొంకణి మాట్లాడే కుటుంబం. బొంబాయిలో కెథెడ్రల్ స్కూల్లో, సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు అది మామూలు చదువు కాదు. కలిగిన ఖోటే వారింటికి కోడలయ్యారు. బకుల్, హరిన్ అని ఇద్దరు కొడుకులు. తరువాత అత్తవారి ఆస్తి కరిగిపోయింది. భర్త కూడా చిన్న వయసులోనే పోయాడు. ఇల్లు గడవడానికి ట్యూషన్లు చెప్పారు. సినిమాలోకి వచ్చింది కూడా సరదాకి కాదు, పిల్లలను పెంచుకోవడానికే.

1931లో మోహన్ భవ్నానీ తీసిన ఫరేబీ జాల్ అనే మూకీలో ఒక చిన్న వేషం దొరికింది. మంచి ఇంటి ఆడవాళ్ళు సినిమా గుమ్మం తొక్కని కాలం అది. మరాఠీ నాటకాల్లో సైతం బాలగంధర్వ వంటి మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవారు. (మన సురభి వారి సంగతి వేరు. వాళ్ళింటి ఆడవాళ్ళు అప్పటికే స్టేజీ ఎక్కేశారు.) సినిమా ఆడలేదు సరికదా, పరువు గల ఇంటి కోడలు ఇందులో వేషం కట్టడమేమిటని నలుగురూ నాలుగు మాటలన్నారు. అక్కడితో ఆగిపోయినా ఆమెను తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు.

అదే ఏడాది మార్చి 14న ఆలం ఆరా విడుదలై సినిమాకు మాట వచ్చింది. మూకీల్లో ఏలిన తారలకు గుండెల్లో రాయి పడింది. సులోచన పేరుతో వెలిగిన రూబీ మయర్స్ అంతటి నటి హిందుస్థానీ నేర్చుకోవడానికి తెర నుంచి కొంతకాలం తప్పుకోవలసి వచ్చింది. దుర్గ గారికి ఆ ఇబ్బంది లేదు. మరాఠీ, హిందీ రెండూ శుభ్రంగా పలికేవారు. మూకీలో పనికిరాని గొంతే ఇప్పుడు పనికొచ్చింది.

కొల్హాపురంలో ప్రభాత్ కంపెనీ తమ మొదటి టాకీని మరాఠీ, హిందీ భాషల్లో తలపెట్టింది. అదే 1932లో వచ్చిన అయోధ్యేచా రాజా. డైరెక్టరు వి. శాంతారాం. కథ మనందరికీ తెలిసిన హరిశ్చంద్రుడిదే. మనం చంద్రమతి అనే ఇల్లాలిని అక్కడ తారామతి అంటారు. హరిశ్చంద్రుడిగా గోవిందరావు టెంబే, తారామతిగా దుర్గా ఖోటే. మన పల్లెల్లో కాటిసీను చూసి కళ్ళు తుడుచుకోని వారుండరు కదా, అదే కథ ఆమెను నిలబెట్టింది. ప్లేబ్యాక్ ఇంకా రాలేదు. నటిస్తూనే తన పాట తనే పాడుకోవాలి. తడబడితే సీనంతా మళ్ళీ మొదటికి. అవన్నీ ఆమె చేసి చూపించారు. ఆలం ఆరా ప్రింటు ఈ రోజు దొరకదు గానీ అయోధ్యేచా రాజా మిగిలింది. చూడగలిగిన మన తొలి టాకీల్లో అదొకటి.

ఆ రోజుల్లో నటీనటులు ఒక కంపెనీలో నెలజీతానికి కుదిరి, అక్కడే ఉండిపోయేవారు. దుర్గ గారు అలా ఉండలేదు. మన భాషలో చెప్పాలంటే పర్మనెంటు పోస్టింగు వద్దన్నారు. కొల్హాపురంలో ప్రభాత్, కలకత్తాలో న్యూ థియేటర్స్, ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ, బొంబాయిలో ప్రకాశ్ పిక్చర్స్, ఎక్కడ మంచి వేషముంటే అక్కడికి వెళ్ళారు. ఇద్దరు పిల్లల బాధ్యత ఉండి కూడా నెలజీతం భద్రత వదులుకున్నారంటే ఆ ధైర్యం నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. 1934లో దేబకీ బోస్ సీత తీస్తే సీతగా ఆమె, రాముడిగా పృథ్వీరాజ్ కపూర్ చేశారు. పాతికేళ్ళు దాటాక 1960లో అక్బరు, జోధాబాయిలుగా కనిపించింది ఆ ఇద్దరే. 1936లో అమర్ జ్యోతిలో మగవాళ్ళ పెత్తనం మీద తిరగబడ్డ సముద్రపు దొంగల నాయకురాలయ్యారు. 1942లో భరత్ మిలాప్‌లో కైకేయి. మంచి ఇల్లాలి వేషానికే అతుక్కుపోలేదు. 1937లో సాథీ చిత్రానికి నిర్మాణంలోనూ దర్శకత్వంలోనూ చెయ్యి వేశారు. అప్పటికి ఆ పనులు చేసిన ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పేరు, డబ్బు వచ్చాక ఆమె నాటకం వైపు నడిచారు. మామూలుగా నాటకాల నుంచి సినిమాకి వస్తారు, ఈమెది ఎదురు ప్రయాణం. బొంబాయిలో ఇప్టాతోనూ, ముంబై మరాఠీ సాహిత్య సంఘ్‌తోనూ ఏళ్ళ తరబడి పనిచేశారు. షేక్స్పియర్ మాక్బెత్‌ను వి.వి. శిర్వాడ్కర్ మరాఠీలో రాజముకుట్ పేరుతో రాస్తే, భర్తను హత్యకు పురికొల్పే రాణి పాత్ర ఆమెదే. ఖాడిల్కర్ రాసిన భావుబందకీలో ఆనందీబాయి వేశారు. 1773లో పూనా శనివార్ వాడాలో పీష్వా నారాయణరావును పిన్నాన్న రాఘోబా మనుషులు చంపిన ఉదంతం అది. పట్టుకోండి అన్న ఉత్తర్వులో ఒక్క అక్షరం మార్చి చంపండి అని చేసింది రాఘోబా భార్య ఆనందీబాయేనని జనం చెప్పుకునే కథ. తారామతిగా జనాన్ని ఏడిపించిన మనిషి, నడివయసులో ఇటువంటి వేషాలకు సిద్ధపడ్డారు. స్టేజీ మీద రీటేకు లేదు, ఎదురుగా జనం. తెర మీద వచ్చిన పేరు అక్కడ మొదటి పది నిమిషాలకే పనికొస్తుంది.

1958లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1968లో పద్మశ్రీ వచ్చాయి. జీవితంలో పెద్ద దెబ్బ కూడా తగిలింది. చిన్న కొడుకు హరిన్ ఆమె కంటే ముందే పోయాడు. మరాఠీ నాటక రంగంలో దర్శకురాలిగా పేరు పొందిన విజయా మెహతా అతని భార్యే. ఆ దుఃఖంతోనూ దుర్గ గారు పని మానలేదు. 1973లో బాబీ, 1974లో బిదాయి, 1980లో కర్జ్ చేశారు. బిదాయికి సహాయనటిగా ఫిలింఫేర్ అవార్డు అందుకున్నారు. 1983లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. మరాఠీలో తన జీవితకథ తనే రాసుకున్నారు.

లఘుచిత్రాలు, ప్రకటనలు తీయడానికి ఆమె ఒక సంస్థ నడిపారు. 1988లో దూరదర్శన్‌లో మన క్వార్టర్సుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన వాగ్లే కీ దునియా ఆ దుర్గా ఖోటే ప్రొడక్షన్స్ వారిదే. ఆర్.కె. లక్ష్మణ్ పాత్రలు, కుందన్ షా దర్శకత్వం. టైటిల్సులో ఆ పేరు కనిపించినా, జోధాబాయి ఆవిడేనని మనలో ఎంతమంది గమనించామో! 1991 సెప్టెంబరు 22న ఆమె కన్నుమూశారు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండినప్పుడు తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపుల్లో ఆమెకూ ఒకటి దక్కింది.