నెల్లూరు చెంచయ్య పేచీ

పుదుక్కోట సంస్థానంలో చీఫ్ జడ్జిగా చేసిన పండిపెద్ది చెంచయ్యది నెల్లూరు. 1886లో హిందూ కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రితో పాటు బాప్తిస్మం పొందారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ, ఆపైన లా చదివారు. పాస్టరు కాదు. అయినా భారతీయ క్రైస్తవ వేదాంతం చదివేవాళ్లు ఆయన్ని దాటిపోలేరు.

1938లో మద్రాసు పక్కన తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దానికోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఓ పుస్తకం రాశారు. క్రీస్తులో దేవుడు బయలుపరచిన దానికీ, మిగతా మతాలకూ పొత్తు కుదరదన్నది అందులో సారాంశం. చెంచయ్యకు మింగుడుపడలేదు. బావ చక్కరై, మరికొందరితో కలిసి అదే ఏడు ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ తెచ్చారు. హిందువుగా పుట్టినవాడు ఏసు దగ్గరికి రావాలంటే తాతముత్తాతల సొత్తంతా పారేసి రావాలా? ఇదీ ఆయన పేచీ.

యూరప్‌లో శతాబ్దాలుగా కట్టుకొచ్చిన సిద్ధాంతాలు మనకు తప్పనిసరి కాదన్నారు. ఏసుతో కొత్త సృష్టి మొదలైందనీ, పరిశుద్ధాత్మే దాన్ని నడిపే శక్తి అనీ ఆయన నమ్మకం. ఆ శక్తిని అర్థం చేసుకోడానికి అరవిందుల యోగాన్నీ, కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగాన్నీ కూడా పరిశీలించారు.

చర్చిని మరీ తక్కువ చేశారని విమర్శలొచ్చాయి. చర్చే లేకపోతే ఆ కొత్త జీవితం తరం నుంచి తరానికి ఎలా అందుతుందన్న ప్రశ్న సబబే అనిపిస్తుంది. 1959లో కన్నుమూసేదాకా ఆయన మాత్రం తన మాట మీదే నిలబడ్డారు.