గీతల్లేని చుక్కలు

సురవరం ప్రతాపరెడ్డి గారు మనలో చాలామందికి తెలుగు యూనివర్సిటీ బోర్డు మీద పేరుగానే తెలుసు. మా పాలమూరు మనిషి. 1896లో పుట్టారు. మద్రాసులో చదివి వకీలయ్యారు, హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. 1952లో వనపర్తి ఎమ్మెల్యే. ఇవన్నీ గ్రూప్స్ బిట్లలో వచ్చేవే. నన్ను పట్టుకున్నది మధ్యలో ఆయన చేసిన ఒక పని.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒకాయన రాశాడు. సర్కారు కాగితాలూ, ఉస్మానియా చదువూ ఉర్దూలో నడిచే రోజులు. ఇక్కడి తెలుగు బయటికి కనపడేది కాదు, కనపడలేదు కాబట్టి లేదనుకున్నారు. రెడ్డి గారు పద్యాలూ వివరాలూ పంపమని పత్రిక ద్వారా కవులను అడిగారు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది! కంప్యూటర్ సంగతి వదిలేయండి, అన్నీ ఉత్తరాల మీద నడిచిన పని.

మన కళ్లతో చూస్తే అది డేటాసెటే కదా. అందుకే కొన్ని పేర్లు వేగాలోకి ఎక్కించాను. వేగా డిక్లరేటివ్ భాష. బొమ్మ ఎలా గీయాలో ఒక్కో స్టెప్పూ చెప్పక్కర్లేదు. కవి అంటే చుక్క, ఇద్దరిదీ ఒకే ఊరైతే మధ్యన గీత, మౌస్ పెడితే పేరు చూపించు అని రాస్తే చాలు. ఏ చుక్క ఎక్కడ కుదురుకోవాలో అదే లెక్క కడుతుంది.

కానీ ఏది గీత అన్నది మాత్రం మనమే చెప్పాలి. ఊరు అని రాస్తే, ఊళ్లో ఒక్కడే ఉన్న కవి ఏ గీతా లేకుండా అంచుకు పోతాడు. ఊరు తీసి తాలూకా అని పెడితే అదే కవి గుంపు మధ్యకు వస్తాడు. కవి మారలేదు, మనం అడిగింది మారింది. అసలు లిస్టులోనే లేనివాణ్ని మాత్రం ఏ భాషా గీయలేదు. రెడ్డి గారు ముందు లిస్టు పట్టుకున్నది అందుకేనేమో అనిపిస్తుంది నాకు.

తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. కావ్యాల్లో చెదిరి ఉన్న తిండి, బట్ట, ఆటల ముచ్చట్లు ఏరి, కాలాలవారీగా కలిపారు. 1953లో పోయారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది.

ఇప్పుడు నల్లగొండ కవుల ఊర్లు ఎక్కిస్తున్నాను. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే, పాత తాలూకాల పేర్లు సరిచూడ్డానికి ఒక చెయ్యి వేయండి.