మాస్కోకు పోయిన మాస్టారు

సెప్టెంబర్ 5 వచ్చిందంటే రాధాకృష్ణన్ ఫోటోకు దండ వేస్తాం, సార్లకు పెన్నులిస్తాం, అంతటితో సరి. నాకూ ఆయన గురించి తెలిసింది అంతే. ఆయన దాదాపు మూడేళ్లు మాస్కోలో మన దేశ రాయబారిగా ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆ కథే రాస్తున్నాను.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో ఒక పేద తెలుగింట్లో పుట్టారు. చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే. ఫిలాసఫీ కూడా ఇష్టపడి తీసుకున్నది కాదు. బంధువు ఒకాయన డిగ్రీ అయిపోయి తన పాత పుస్తకాలు ఇచ్చేస్తే, కొనే పని తప్పుతుందని అందులో చేరారు. బ్రాంచి మనం ఎంచుకోలేదని బాధపడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి!

మన సీమతోనూ ఆయనకు సంబంధముంది. 1916లో కొన్నాళ్లు అనంతపురంలో పాఠాలు చెప్పారు. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు ఆయనే. దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు ఖాయమైంది ఆ సభల్లోనే. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు.

1949లో నెహ్రూ ఆయన్ను మాస్కో పంపారు. చాలామందికి ఇది వింతగా తోచింది. ఆయనకు విదేశాంగ శాఖలో అనుభవం లేదు, ఆయన కమ్యూనిస్టూ కాదు. పైగా జీవితమంతా మతం, వేదాంతం గురించి చెప్పిన మనిషి. అప్పటికి సోవియట్లకు మనమీద నమ్మకం లేదు. స్వాతంత్ర్యం వచ్చినా భారత్ ఇంకా బ్రిటన్ వెనకే నడుస్తోందని వాళ్ల అనుమానం. ఆయనకు ముందు అక్కడున్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు.

అలాంటి స్టాలిన్ 1950 జనవరిలో ఒక రాత్రి క్రెమ్లిన్‌లో ఈ మాస్టారిని కలిశాడు. ఆయన అక్కడ కూడా మొహమాటపడలేదట. కళింగ యుద్ధంలో అంత రక్తం చూశాక అశోకుడు మారిపోయిన సంగతి చెప్పి, మీకూ అలా జరగొచ్చేమో అన్నారని చెప్పుకుంటారు. స్టాలిన్ ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి!

ఆ మాటతోనే సోవియట్ల అనుమానం పోయిందని నేను అనను. కానీ మెల్లగా మంచు కరిగింది. 1951లో దేశమంతా తిండిగింజల కొరత. అమెరికాలో సాయం మీద చర్చలు సాగుతుండగానే సోవియట్ గోధుమలు ఓడల్లో మనకు చేరాయి. ఆ కాలంలోనే మన సీమలో కరువొచ్చి, జనం గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. రాయబారి అంటే సూటు వేసుకుని విందులకు పోయేవాడని అనుకునేవాణ్ణి. ఆకలి రోజుల్లో ఓడ తొందరగా రావడానికి పనికొచ్చేది కూడా ఆ ఉద్యోగమేనని ఇది చదివాకే అర్థమైంది.

1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, ఆరోగ్యం బాగాలేక ముఖం ఉబ్బిన స్టాలిన్ చెంపను ఆయన ఆప్యాయంగా తట్టారట. మరుసటి ఏడాదే స్టాలిన్ పోయాడు. రాధాకృష్ణన్ ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యి, 1975లో కన్నుమూశారు.

ప్రపంచం భయపడే మనిషిని కూడా ఆయన వెనక బెంచీ కుర్రాడిలాగే చూశారనిపిస్తుంది నాకు. ఈసారి సెప్టెంబర్ 5న దండ వేసేటప్పుడు నాకు ఆ చెంప తట్టిన చెయ్యే గుర్తొస్తుంది.