ద్వేషాన్ని రోగంగా తేల్చిన సోషల్ వర్క్ ప్రొఫెసర్

మన యూనివర్సిటీల్లో ఎం.ఎస్.డబ్ల్యూ. చదివేవాళ్లం కేస్ వర్క్, గ్రూప్ వర్క్ అంటూ అమెరికా నుంచి వచ్చిన పాఠాలే చదువుతాం. మేరీ రిచ్మండ్ పేరు పరీక్షల కోసం బట్టీ పడతాం. అదే దేశంలో అదే చదువు చదివి, చెప్పిన నల్లజాతి మేధావి ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ పేరు కూడా మనకు తెలియాలి.

ఆయన 1894లో బాల్టిమోర్‌లో పుట్టారు. తండ్రి బ్యాంకులో మెసెంజర్. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోయారు. స్కాలర్‌షిప్ మీద హోవర్డ్ యూనివర్సిటీలో చదివి 1916లో పట్టా పుచ్చుకున్నారు. 1920లో క్లార్క్ యూనివర్సిటీ నుంచి ఎం.ఏ. ఆ వెంటనే న్యూయార్క్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరి, ఓడరేవులో పనిచేసే నల్లజాతి కూలీల జీవితాన్ని పరిశీలించారు. అంబేద్కర్ కొలంబియా వదిలి లండన్ వెళ్లిన నాలుగేళ్లకు సంగతి ఇది. తర్వాత డెన్మార్క్ వెళ్లి అక్కడి రైతుల సహకార సంఘాలను, జానపద పాఠశాలలను చూసొచ్చారు.

1922లో అట్లాంటా చేరారు. దక్షిణాది తెల్లవాళ్ల విద్యాసంస్థలు నల్లవాళ్లను గడప తొక్కనివ్వని రోజులు. వాళ్ల కోసమే పెట్టిన అట్లాంటా స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌ను ఐదేళ్లు నడిపారు. తెల్లవాళ్ల ముందు తల వంచే రకం కాదాయన. 1927 నాటికి విభేదాలు ముదిరి డైరెక్టర్ పదవి పోయింది.

ఆ జూన్‌లోనే ఫోరమ్ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. జాతి ద్వేషానికీ పిచ్చికీ లక్షణాలు ఒకటేనని అందులో వాదించారు. ఇంట్లో ప్రేమగా, ఊళ్లో మర్యాదగా ఉండే మనిషే నల్లవాళ్ల విషయం వచ్చేసరికి క్రూరుడవుతాడని, ఆ క్రూరత్వానికి సాకులు అల్లుకుంటాడని విశ్లేషించారు. సోషల్ వర్కర్ ఫైలు ఎప్పుడూ బాధితుడి పేరు మీదే తెరుచుకుంటుంది కదా. ఫ్రేజియర్ పీడించేవాడి పేరు మీద తెరిచారు! కారంచేడు, చుండూరు చూసిన మనకు ఆ వ్యాసం కొత్తగా అనిపించదు. అట్లాంటా పత్రికలు మండిపడ్డాయి, బెదిరింపులు వచ్చాయి. ఆయన కుటుంబంతో ఊరు వదిలారు.

షికాగోలో 1931లో పీహెచ్‌డీ చేశారు. 1934 నుంచి హోవర్డ్‌లో సోషియాలజీ చెబుతూనే సోషల్ వర్క్ కోర్సునూ నిలబెట్టారు. 1948లో అమెరికా సోషియాలజీ సంఘానికి తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. పైకొచ్చిన నల్లజాతి మధ్యతరగతి సొంతవాళ్లకు దూరమవడాన్ని ‘బ్లాక్ బూర్జువాజీ’ పుస్తకంలో కడిగేశారు. మాట మరీ కటువుగానే ఉంటుంది. మన ఉద్యోగ వర్గాల మీద జరిగే చర్చలో మాత్రం ఆ పుస్తకం తప్పక పనికొస్తుంది.

1962లో కన్నుమూశారు. మూడేళ్లకు మొయినిహాన్ అనే ప్రభుత్వ అధికారి ఆయన పరిశోధనను వాడుకుని నల్లజాతి కుటుంబాలపై నివేదిక రాశాడు. ఆ కుటుంబాలు చెదిరిపోవడానికి బానిసత్వం, వలస, నిరుద్యోగం కారణాలని ఫ్రేజియర్ చూపారు. నివేదిక చుట్టూ రేగిన చర్చలో మాత్రం తప్పంతా ఆ కుటుంబాలదే అన్న మాట ప్రచారమైంది. జవాబు చెప్పడానికి ఆయన లేరు.