క్లౌ కన్నా ముందు పేరయ్య

ఒంగోలు మిషన్ చరిత్రను జాన్ క్లౌతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆయన అక్కడ స్థిరపడక ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందారు. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి, రాజయోగ సాధకుడు. మిషనరీ వెతికి పట్టుకున్న మనిషి కాదు, తానే వెతుక్కుంటూ వెళ్ళినవారు. 1867 జనవరిలో ఆయన పల్లెలో క్లౌ 28 మందికి బాప్తిస్మమిచ్చారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని ఒంగోలు అగ్రవర్ణాలు తేల్చాయి. అప్పుడు క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరవగా, దేవుని ఎంపిక బలహీనులదేనన్న పౌలు మాటలే ఇద్దరికీ కనిపించాయంటారు. ఆ యాదృచ్ఛికత కన్నా, ఆ ప్రశ్నను తప్పించుకోలేనిదిగా చేసిన పేరయ్యే నాకు ముఖ్యం. అగ్రవర్ణ విద్యార్థులు వెళ్ళిపోయారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి వద్ద, 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని నీటిలో ముంచి లేపినది క్లౌ కాదు, తెలుగు బోధకులు.