ధ్రువజ్యోతిని చిత్రించిన హారల్డ్ మోల్ట్కే

సూర్యోదయమును, వెన్నెలను, ఇంద్రధనుస్సును జూచి యానందింపనివారుండరు. భూగోళముయొక్క ఉత్తరపు కొననున్న దేశములలో శీతకాలపు రాత్రులందు వీనినన్నిటిని మించిన వింతవెలుఁగొకటి ఆకాశమునఁ గానవచ్చును. దానికి ఉత్తర ధ్రువజ్యోతి యని పేరు. దానిని శాస్త్రజ్ఞులకుఁ బనికివచ్చునట్లు చిత్రించి కీర్తిగాంచినవాఁడు డెన్మార్కు దేశీయుఁడగు కౌంట్ హారల్డ్ మోల్ట్కే.

ఇతఁడు 1871వ సంవత్సరమున జన్మించెను. కౌంట్ అనునది వంశక్రమమున వచ్చిన బిరుదము. ఇతఁడు గొప్ప వంశమువాఁడయ్యు సుఖజీవనమును గోరక, చిత్రకళ నభ్యసించి, 1898లో శాస్త్రజ్ఞుల వెంట గ్రీన్లాండు దీవికిఁ బోయెను. నాఁటినుండి మంచుదేశములే యతని పనికిఁ జోటులయ్యెను.

ఆ కాలమున ధ్రువజ్యోతి స్వభావము శాస్త్రజ్ఞులకుఁ బూర్తిగాఁ దెలియదు. సూర్యునినుండి వెడలు విద్యుత్కణములు భూమియొక్క అయస్కాంతశక్తిచే ధ్రువములవైపు నడుపఁబడి, సుమారు 100 కిలోమీటర్లకుఁ బైనున్న పలుచని గాలిని దాఁకుటచే నీ వెలుఁగు పుట్టుచున్నదని నేఁడు మనమెఱుఁగుదుము. ఆకుపచ్చ వన్నె ప్రాణవాయువువలనఁ గలుగును. నాఁడు దీనిని బరిశోధింపఁగోరినవారికి మొదట దాని రూపములు సరిగాఁ గావలసియుండెను. 1892లోనే జ్యోతికి ఛాయాచిత్రము తీయఁబడినను, ఆనాఁటి పలకలు మిక్కిలి మందమైనవి, రంగులను బట్టనేరవు. ఈ వెలుఁగో, నిమిషమైన నిలువదు. ఒకప్పుడు వింటివలె వంగును, ఒకప్పుడు గాలికిఁ గదలు తెరవలె మడతలు పడును, అంతలోనే మాయమగును. కావున యంత్రము చేయలేని పనికి మనుష్యుని కన్నును, చేయియు నవసరమయ్యెను.

డెన్మార్కు వాతావరణశాఖకు అధ్యక్షుఁడైన ఆడమ్ పౌల్సెన్ 1899లో ఐస్లాండు దీవియందలి అకురేరి పట్టణమునకు శాస్త్రజ్ఞుల సంఘమును గొనిపోవుచు మోల్ట్కేను జిత్రకారునిగాఁ జేర్చుకొనెను. అచట నడిశీతకాలమునఁ బగలు సుమారు మూఁడు గంటలే. మఱుసటి శీతకాలమున డాన్ లాకూర్ నాయకత్వమున నింకొక సంఘము ఫిన్లాండు ఉత్తరాగ్రమందలి ఉట్స్‌యోకికిఁ బోఁగా మోల్ట్కే దానితోఁ గూడ వెడలెను. ఆ యూర సుమారు ఏడు వారములు సూర్యుఁడే యుదయింపఁడు.

గడ్డకట్టు చలిలో మోల్ట్కే ఆరుబయట నిలిచి, జ్యోతి కనఁబడినంతనే పెన్సిలుతో దాని యాకారమును గీచికొని, పిదప లోపల తైలవర్ణములతోఁ బూర్తిచేయుచుండెను. చిత్రకారులు తమ యూహచొప్పున వన్నెలు పెంచుట కలదు. శాస్త్రజ్ఞులకొఱకుఁ బనిచేయువానికి ఆ స్వేచ్ఛ లేదు; లేని వన్నెను జేర్చినచో చిత్రము చూడనింపైనను సాక్ష్యముగాఁ బనికిరాదు. మోల్ట్కే చిత్రములు రెండు విధములను గొఱఁతలేక, శాస్త్రమునకు సాధనములును, కన్నులకు విందులునై నిలిచినవి.

తరువాత 1902లో మిలియుస్ ఎరిక్‌సెన్, కనూద్ రాస్ముస్సెన్, యోర్గెన్ బ్రన్‌లూండ్ అనువారితోఁ గలసి యతఁడు మరల గ్రీన్లాండునకుఁ బోయెను. వీరు మెల్విల్ అఖాతమును దాఁటి, కేప్ యార్క్ ప్రాంతమందలి ఇన్యూయిట్ జనులను జేరిరి. అచట మోల్ట్కే తీవ్రమైన వ్యాధిఁబడి, అవయవములు స్వాధీనము తప్పి, కదలలేనివాఁడయ్యెను. వైద్యుఁడు లేఁడు, ఓడ రాదు. 1904లో సహచరులు వానిని కుక్కలులాగు బండిపైఁ బెట్టుకొని, గడ్డకట్టిన సముద్రముమీఁదుగా దక్షిణమునకుఁ గొనివచ్చి ప్రాణము నిలిపిరి. అతఁడు కోలుకొని మరల కుంచె పట్టెను. ఇన్యూయిట్ జనులనుగూర్చి రాస్ముస్సెన్ వ్రాసిన గ్రంథమునకు మోల్ట్కే చిత్రములే యలంకారములైనవి. అతఁడు 1960లో మరణించెను.

విద్యార్థులారా! పిదప ఛాయాచిత్ర సాధనములు వృద్ధిపొందినవి; నేఁడు క్షణములో రంగుల బొమ్మ తీయవచ్చును. అయినను మోల్ట్కే శ్రమ వ్యర్థము కాలేదు. కావలసిన కాలమునఁ గావలసిన పనిని, చలికి వెఱవక, కన్నదానికి మించి యొక గీఁతయైనఁ గలుపక చేయుటయే యతని గొప్పతనము. సృష్టికర్త యాకాశమున వ్రాసినదానిని మార్పులేక చదువుటయుఁ బూజయే. మీ ప్రయోగశాల పుస్తకములలోఁ జూచినదే వ్రాయునపుడెల్ల ఈ చిత్రకారుని దలఁచుకొనుఁడు.